పాస్టరుగారు తలవంచిన చోటు

మా నాన్న కుర్చీలోంచి లేచింది ఒక దుప్పి కోసం. నా కోసం కాదు, డాక్టరు కోసం కాదు, చర్చివాళ్ళు గిన్నెలకొద్దీ మోసుకొచ్చిన బంగాళాదుంప కూరల కోసమైతే అసలే కాదు.

ఏప్రిల్లో కొండ వాలు మీద ట్రాక్టరు తిరగబడి మా తమ్ముడు లైల్ పోయాడు. ఆ రోజున కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డ మనిషి ఇక లేవలేదు. గడ్డం మాసింది, బెల్టుకు కొత్త చిల్లులు పొడవాల్సి వచ్చింది. నా పెళ్ళి పెటాకులై చాలా కాలమైంది కాబట్టి నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. ఊళ్ళో అద్దె గది ఖాళీ చేసి నాన్న దగ్గరికి వచ్చేశాను. పగలు బడి వంటింట్లో పిల్లలందరికీ వండేదాన్ని, సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క ముసలాయన చేత నాలుగు ముద్దలు తినిపించలేక చచ్చేదాన్ని. ఈయన్ని కూడా పోగొట్టుకుంటానన్న భయం నన్ను వదిలేది కాదు.

జూలై చివర ఒక ఆదివారం ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"లైల్ కెమెరా ఎక్కడుంది?"

"ఏ కెమెరా?"

"చెట్టుకు కట్టేది. మనింట్లో ఇంకే కెమెరా ఉంది, పెళ్ళిళ్ళు తీసేదా?"

తిట్టాడు! ఇన్ని నెలల తర్వాత మా నాన్న నన్ను తిట్టాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. షెడ్డుకు పరిగెత్తాను. అక్కడ గుడ్డ కప్పి ఉన్న ట్రాక్టరు వైపు చూడకుండా, మేకుకు వేలాడుతున్న కెమెరా తీసుకుని వచ్చాను.

అరచేతికన్నా కాస్త పెద్ద పెట్టె అది, చెట్టు బెరడు రంగులో ఉంటుంది. ముందు ఏది కదిలినా తనంతట తానే ఫొటో తీసేస్తుంది. మాకు తుపాకి వేట నవంబరు చివర్లో. ఏ దుప్పి ఏ దారిన వస్తుందో, ఏ వేళకు వస్తుందో ముందే పసిగట్టడానికి విస్కాన్సిన్‌లో మా కొండల్లో ఎండాకాలం నుంచే ప్రతి ఇంటివాళ్ళూ కెమెరాలు కడతారు. ఫొటోలో కొత్త పోతు కనబడితే ముందు చూసినవాళ్ళు పేరు పెట్టాలి. పేరు పడ్డాక అది ఇంటి మనిషి కిందే లెక్క. బల్ల దగ్గర కూర్చుంటే దాని ముచ్చట్లే. మా ఇంట్లో ఒక మంగలి ఉండేవాడు, ఒక గుమాస్తా ఉండేవాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వని ఒక ఆడ దుప్పిని అత్తగారు అనేవాళ్ళం. అందరినీ చలికాలంలో తిన్నాం కూడా.

ఒక పోతుకు పాస్టరుగారు అన్న పేరు లైల్ పెట్టాడు. మొదటిసారి కెమెరాకు చిక్కినప్పుడు అది కుర్ర పోతు. గొంతు కింద తెల్లటి మచ్చ పాస్టర్లు మెడకు పెట్టుకునే పట్టీలాగా ఉంది, తల వంచుకుని నిలబడి ఉంది. తర్వాతి ఫొటోలోనూ అంతే. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే.

"ఆమెన్ అంటేగానీ తలెత్తేలా లేడు" అన్నాడు లైల్.

ప్రార్థనా పాడా, అది ఉప్పు నాకుతోంది. ఓక్ చెట్ల నడుమ లైల్ ఉప్పు దిమ్మ పెట్టేవాడు. వానకు అది కరిగి మట్టిలో ఇంకేది, దుప్పులు ఆ మట్టిని నాకీ నాకీ గుంట చేశాయి. ఆ గుంటకు ఎదురుగానే కెమెరా. ఏటా వేట రోజుల్లో పాస్టరు లైల్ తుపాకి ముందుకు వచ్చాడు, ఏటా లైల్ వదిలేశాడు. "ఇంకా ఎదగనీ నాన్నా. కొమ్ములు నిండుగా వచ్చిన ఏడు నువ్వే కొడుదువుగాని" అనేవాడు.

ఆ ఏడు ఇదే.

ఉప్పు దిమ్మలు పెట్టొద్దని ప్రభుత్వం ఎప్పుడో చెప్పింది. దుప్పుల్లో చిక్కి చచ్చే రోగం ఒకటి పాకుతోందని, ఒకదాని ఎంగిలి ఒకటి నాకితే అంటుకుంటుందని నోటీసులు పంచారు. మా వైపు అందరూ తలలూపారు, అందరూ దిమ్మలు పెట్టారు. కొట్లో ఆవులకని చెప్పి కొంటారు. మా ఇంట్లో ఆవులు లేవని కొట్టువాడికి మా కన్నా బాగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కొండెక్కాం. వాసన అంటకూడదని రబ్బరు బూట్లు వేసుకున్నాం. ఉల్లిపాయ వేసిన కూర తిన్నానని నన్ను నాలుగడుగులు వెనక నడవమన్నాడు. కొత్త ఉప్పు దిమ్మ నేను మోస్తానంటే వినలేదు. భుజాన పెట్టుకుని, ప్రతి మలుపులో చెట్టుకు ఆనుకుని రొప్పుతూ, "దారి బాగా పెరిగింది" అని ఏదో వంక చెప్తూ ఎక్కాడు.

ఓక్ చెట్టు బెరడు మీద లైల్ కెమెరా పట్టీ ఒరుసుకున్న గుర్తు ఇంకా ఉంది. నాన్న దాన్ని వేలితో తడిమాడు.

"ఇక్కడే కట్టు. ఒక్క అంగుళం అటూ ఇటూ పోకూడదు."

"సరే."

"ఉత్తరానికి చూస్తోందా? పొద్దు దాని కంట్లో పడితే ఫొటోలన్నీ తెల్లటి గుడ్డలే."

"చూస్తోంది నాన్నా. నేనూ ఈ ఇంట్లోనే పుట్టాను."

"పుట్టావు. నేర్చుకున్నావా అన్నదే అనుమానం."

దిమ్మను గుంటలో దొర్లించి, కాలితో సర్ది, కెమెరా ముందు నిలబడి చెయ్యి ఊపాడు. అది పనిచేస్తోందో లేదో చూడటానికి మా వాళ్ళందరూ అలాగే ఊపుతారు.

ఆగస్టులో ఆదివారం చర్చినుంచి రాగానే కెమెరాలోంచి తీసిన మొదటి మెమరీ కార్డు కంప్యూటర్లో పెట్టి చూశాం. మొదట నాన్న అరచెయ్యి, తర్వాత ఉడతలు, అత్తగారు, ఆమె పిల్లలు. ఆ తర్వాత పాస్టరుగారు వేంచేశారు. ఎదిగే కొమ్ములమీద ఉండే ముఖమల్ లాంటి తోలు ఇంకా ఊడలేదు, ఆ కొమ్ములు ఫొటోలో పట్టలేదు. నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కొమ్ముల మొనలు పైకే లెక్కపెట్టాడు.

"లైల్ చూడాల్సింది" అన్నాడు చివరికి. తర్వాత లేచివెళ్ళి గడ్డం గీసుకొచ్చాడు.

సాయంత్రం డువేన్ వచ్చాడు. పక్క పొలం వాడు, నాన్నకు బడి రోజులనాటి నేస్తం. మా ఇంట్లో ఏ వేళ పొయ్యి వెలిగినా ఆ వాసన అతని ఇంటిదాకా పోతుంది కాబోలు, టక్కున దిగుతాడు.

"ఒరే ఆర్డెల్, దీన్ని కొట్టాలంటే ముందు నీకు కనబడాలి కదరా. మొన్న నా ట్రక్కునే నువ్వు గడ్డిమోపు అనుకున్నావు."

"నీ ట్రక్కు గడ్డిమోపుకన్నా అధ్వాన్నం. నా తప్పేముంది?"

"అమ్మాయ్ మార్నా, మీ నాన్న చెయ్యి వణుకుతోంది చూశావా? ఆ తుపాకి నాకిమ్మను. మాంసం సగం మీకే పంపిస్తా."

"నువ్వా? పంపిస్తావు, కొమ్ములు!" అన్నాడు నాన్న.

నేను సాసేజీలు వేయించాను. నాన్న తిని మళ్ళీ అడిగాడు. సింకు వైపు తిరిగి నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. డువేన్ చూసినా చూడనట్టు పాటలు పాడుకున్నాడు.

సెప్టెంబరంతా మా ఇంట్లో పండగే. చర్చి అయ్యాక కాఫీల దగ్గర నాన్న గట్టిగా, "ఈ నవంబరులో పాస్టరు పని పడతా" అన్నాడు. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య చేతిలో కప్పు టక్కున బల్ల మీద పెట్టేసింది. విషయం చెప్పాక ఆవిడ కూడా నవ్వింది గానీ, ఆ తర్వాత మా బెంచీకి కాస్త దూరంగానే మసలేది.

ఆ నెలాఖరు ఫొటోల్లో పాస్టరు తల వంచుకునే నిలబడ్డాడు. గుంటలో మూతి పెట్టి కాదు, ఊరికే పక్కన. వరసగా చాలా ఫొటోల్లో.

"ప్రార్థన పొడుగయింది" అన్నాడు నాన్న.

"మన పాస్టరు దగ్గర నేర్చుకుని ఉంటాడు" అన్నాను. నవ్వుకున్నాం.

అదే ఇంకో పోతు అయితే, ఏ మంగలో గుమాస్తానో అయితే, ఇదేంట్రా ఇలా నిలబడ్డాడు అనుకునేవాళ్ళం. వీడు తల వంచితే మాకు వింత లేదు. వాడి పేరే అది.

అక్టోబరు మధ్యలో ఇంకో కార్డు పెట్టి చూశాం. పాస్టరు పట్టపగలు వచ్చాడు. ముసలి పోతులు పగలు రారు. కాళ్ళు ఎడంగా పెట్టుకుని, చెవులు వేలాడేసి నిలబడ్డాడు. పక్కటెముకలు కనబడుతున్నాయి. మూతినుంచి ఒక సన్నటి తీగ నేలదాకా వేలాడుతోంది. అది సాలెపోగు అయితే బాగుండునని ఫొటో పెద్దది చేసి చూశాను. చొంగ.

"ఆడవాటి వెంట తిరిగే కాలం కదా, అందుకే చిక్కాడు" అన్నాడు నాన్న.

ఆడవాటి వెంటపడే కాలం ఇంకా రాలేదు. అది నాకు నేర్పింది నాన్నే.

డువేన్ వచ్చేసరికి ఆ ఫొటో తెర మీదే ఉంది. అతను కళ్ళజోడు పెట్టుకుని వంగాడు.

"ఏంట్రా, నోరు పడిపోయిందా?" అన్నాడు నాన్న.

"బాగున్నాడురా" అన్నాడు డువేన్. "కొమ్ములు... బాగున్నాయి."

ఆపిల్ పై ముక్క సగం కూడా తినకుండా టోపీ తీసుకుని లేచాడు. డువేన్ మా ఇంట్లో ప్లేటు ఖాళీ చేయకుండా లేవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెనకే ట్రక్కుదాకా వెళ్ళాను.

"అది ప్రార్థన కాదమ్మాయ్."

"తెలుసు."

"వాడికి చెప్పు."

"నువ్వు చెప్పు. చిన్నప్పటి నేస్తానివి."

"నావల్ల కాదు తల్లీ. మళ్ళీ తింటున్నాడు మనిషి. నావల్ల కాదు."

అతను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాన్న మాత్రం ఆ వారమంతా తుపాకి శుభ్రం చేస్తూ కూర్చున్నాడు. శుభ్రం చేసిన తుపాకినే మళ్ళీ విప్పేవాడు. ఆ తర్వాతి ఆదివారం కార్డు తెచ్చి బల్ల మీద పెడితే, "తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ మాటతో నాకు అర్థమైంది, ఈయనకు నాకన్నా ముందే తెలుసని.

వేట మొదలైన రోజు తెల్లవారుతుండగా ఇద్దరం తోటి వేటగాళ్ళకు కనబడేలా నారింజరంగు కోట్లు వేసుకుని కొండెక్కాం. చెట్టు మీద లైల్ కట్టిన మంచె ఎక్కే ఓపిక నాన్నకు లేదు. కింద బకెట్లు బోర్లించి, ఓక్ మొదలుకు ఆనుకుని కూర్చున్నాం. దూరంగా అన్ని కొండల్లోంచీ తుపాకుల చప్పుడు వస్తోంది. నాన్నకు దగ్గు వచ్చింది. మామూలుగా అయితే వేటలో దగ్గినవాణ్ణి ఏడాదిపాటు ఏడిపిస్తారు. ఆయన ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

బాగా వెలుగొచ్చాక పాస్టరు వచ్చాడు. తాగినవాడిలా తూలుతూ, దారి వెతుక్కుంటున్నట్టు వచ్చి గుంట దగ్గర ఆగాడు. తల దించాడు. నాకడం లేదు, ఊరికే దించాడంతే.

నాన్న తుపాకి ఎత్తలేదు. లేచి నిలబడ్డాడు. ఆకుల మీద చప్పుడు చేసుకుంటూ వాడి దగ్గరికి నడిచాడు. కొమ్మ విరిగితే కొండ దాటిపోయే జంతువు, చెయ్యి చాస్తే కొమ్ములు అందేంత దగ్గరికి ఒక మనిషి వచ్చినా కదల్లేదు. మెల్లగా తలెత్తి నాన్నను చూశాడు. ఆ కళ్ళలో భయం లేదు. భయం లేని దుప్పిని చూస్తే ఇంత భయమేస్తుందని నాకు తెలియదు.

"ఎదగనిమ్మన్నాడురా నిన్ను" అన్నాడు నాన్న వాడితో. "ఎదిగావు."

తర్వాత నా వైపు చూడకుండానే, "అటు తిరుగు, మార్నా" అన్నాడు.

తిరిగాను.

కొట్టిన దుప్పితో అందరిలా ఫొటోలు దిగలేదు. వేట ఫొటోలన్నీ తగిలించే బార్ గోడకు మాది చేరలేదు. డువేన్ వచ్చి ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా ట్రక్కులోకి ఎత్తాడు. ఆ రోగం ఉందో లేదో పరీక్షకు తల కోసి సంచిలో కట్టి, పెట్రోలు బంకు పక్కన దానికోసం ప్రభుత్వం పెట్టిన డబ్బాలో వేశాం. తక్కిన శరీరాన్ని ఇంకో పెద్ద తొట్టిలో పారేశాం. లైల్ ఇన్నేళ్ళు ఆగింది ఆ తొట్టి కోసం. ఆ చలికాలం మా ఫ్రీజరులో మాంసం లేదు, అడిగినవాళ్ళూ లేరు.

డిసెంబరులో ప్రభుత్వం తరఫున ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నాన్నకు ఫోన్లో సరిగ్గా వినపడదని స్పీకరు పెట్టాను.

"పరీక్షలో రోగం ఉన్నట్టు తేలిందండీ. మాంసం తినకండి."

"తినలేదమ్మా."

"మీ స్థలంలో దుప్పులు ఒకేచోట చేరి మూతులు పెట్టే చోటు ఏమైనా ఉందా అండీ? మేత కుప్ప, ఉప్పు..."

లేదని చెప్పమని తల అడ్డంగా ఊపాను. నాన్న నన్ను చూసి కూడా చెప్పాడు.

"ఉంది. ఉప్పు గుంట. మా అబ్బాయి పెట్టాడు. ఈ ఏడు నేను పెట్టాను."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"కేసు పెట్టడానికి అడగట్లేదండీ. ఆ మట్టిలో రోగం ఉండిపోతుంది."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళ తరబడి. ఎన్నేళ్ళో మాకూ సరిగ్గా తెలియదండీ."

"నిప్పు పెడితే?"

"పోదండీ."

"సున్నం?"

"పోదండీ. మట్టి తవ్వి తీసేసి, పైన ఏదైనా కప్పి, కంచె వేస్తే కొంతవరకు..." అని ఆగింది ఆ అమ్మాయి. చిన్న పిల్లలా ఉంది గొంతు. "మీ అబ్బాయిని కూడా ఒకసారి నాతో మాట్లాడమని చెప్తారా?"

నాన్న ఫోన్ దగ్గరికి వంగాడు.

"చెప్తానమ్మా" అన్నాడు. "క్రిస్మస్ శుభాకాంక్షలు నీకు."

మర్నాడే గునపాలు పట్టుకుని ముగ్గురం పైకి పోయాం. పైన మట్టి గడ్డకట్టి ఉంది, కింద మెత్తగా, నల్లగా, ఉప్పు వాసనతో ఉంది. నాన్న ఒక్క క్షణం ఆగలేదు. డువేన్ పట్టుకుని కూర్చోబెడితే మళ్ళీ లేచాడు. పార మోయలేనప్పుడు మోకాళ్ళమీద కూర్చుని చేతులతో తోడాడు.

"ఒరే, చాలురా" అన్నాడు డువేన్. "చచ్చేలా ఉన్నావు."

"ఇంకా కింద ఉంది."

"ఎంత కిందకని పోతావురా?"

"లైల్ పెట్టిన ఉప్పు ఇంకినంత కిందకి" అన్నాడు నాన్న.

ఆ మట్టిని ఎక్కడ పొయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఎక్కడ పోసినా అక్కడా దుప్పులే. ప్లాస్టిక్ పీపాల్లో నింపి, మూతలు బిగించి, షెడ్డులో ట్రాక్టరు పక్కన పెట్టాం. గుంటను బండలతో నింపాం. చుట్టూ పాత కంచె తీగ కట్టాం. కెమెరా విప్పబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ. రావడం మానాయని చూడాలి."

కొత్త బ్యాటరీలు వేశాడు. దాని ముందు నిలబడి చెయ్యి ఊపాడు.

క్రిస్మస్ తర్వాతి ఆదివారం కార్డు తెచ్చాను. ఈసారి తర్వాత చూద్దామనలేదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, వైద్యుడి ముందు కూర్చున్నట్టు నా పక్కన కూర్చున్నాడు.

మొదట నాన్న అరచెయ్యి, గోళ్ళ సందుల్లో ఆ నల్లమట్టి. తర్వాత ఏమీ లేని మంచు. నాన్న ఊపిరి నాకు వినబడుతోంది. తర్వాత అత్తగారు కంచె ఇవతల నిలబడి వాసన చూస్తోంది. తర్వాతి ఫొటోలో కంచె తీగ నేలమీద ఉంది. ఆ తర్వాత అన్నీ అవే. అత్తగారు, ఆమె పిల్లలు, ఎక్కడెక్కడివో ఇంకెన్నో. గిట్టలతో మంచు గీరి, బండల పక్కనంతా తవ్వుతున్నాయి. బండలను నాకుతున్నాయి, బండల సందుల్లోకి మూతులు దూర్చి నాకుతున్నాయి. ఈ ఏటి పిల్లలైతే ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళమీద కూర్చుని మరీ నాకుతున్నాయి. ఎప్పుడూ ఎవర్నీ దగ్గరికి రానివ్వని అత్తగారు, ఆ గుంటలో మాత్రం అందరితో మూతి కలిపింది.

చివరి ఫొటోలో ఒక కుర్ర పోతు ఉంది. ఇంకా చిన్న కొమ్ములు. గొంతు కింద తెల్లటి మచ్చ. తల వంచుకుని ఉంది.

"నాన్నా, ఇది కొత్తది" అన్నాను. అలవాటు, ఏం చేయను. నోరు జారింది.

నాన్న దాన్ని చూశాడు. చెయ్యి చాచి తెర మీద ఆ మచ్చ దగ్గర వేలు పెట్టాడు.

"పేరు పెట్టకు" అన్నాడు.

లేచి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం సాసేజీలు వేయించి ప్లేటులో పెట్టుకెళ్ళాను. అవి అలాగే చల్లారిపోయాయి.